పసిబిడ్డకు గుడ్డ న్యాపీలా, డైపర్లా?

మా పాప పుట్టినప్పుడు ముందుగా ఖర్చే లెక్క వేశాను. డైపర్ ఒక్కటి 10 రూపాయలు, రోజుకు 6 అనుకున్నా నెలకు 1,800 రూపాయలు. అమ్మ పాత నూలు చీరలు చింపి కుట్టిన 24 గుడ్డలకు దారం ఖర్చు తప్ప మరేమీ కాలేదు. అయితే సబ్బు, నీళ్లు, ఉతికేవారి నడుము నొప్పి ఉన్నాయి. ఆ శ్రమను లెక్కలోంచి వదిలేయడం అన్యాయం.

గుడ్డలతో పెద్ద ఇబ్బంది వాసన. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చడం వల్ల ఆ ఘాటు పుడుతుంది. అందుకే తడిసిన గుడ్డను వెంటనే చన్నీళ్లలో జాడించాలి. మూత బిగించిన బకెట్లో రోజుల తరబడి ఉంచకూడదు. తర్వాత వేడినీళ్లలో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. సబ్బు మిగిలితే బిడ్డ చర్మం మండుతుంది. బట్టల మెత్తదనానికి వాడే సువాసన ద్రవం అసలు వద్దు, గుడ్డ తడిని పీల్చుకోవడం తగ్గిపోతుంది. తిరుపతి ఎండ మనకు వరం! మేడమీద ఆరేస్తే మరకలు కూడా వెలిసిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు మాత్రం గుడ్డలు ఆరవు. అప్పటికి ఇంకో డజను సిద్ధంగా ఉండాలి.

డైపర్ గెలిచేది ప్రయాణంలో. కొండపై వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి వేచి ఉన్నప్పుడు గుడ్డలతో వేగలేం. రాత్రి నిద్రకూ నేను డైపరే వాడతాను. పైకి పొడిగా ఉందని మార్చకుండా వదిలేస్తే దద్దుర్లు వస్తాయి. వాడిన డైపర్‌ను కాగితంలో చుట్టి, మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి.