కొబ్బరి పీచు కుండీల్లో పూల నారు: వాడాక తేలిన సంగతులు

కొన్ని సీజన్లుగా పూల నారును ట్రేలోంచి విడివిడి కుండీల్లోకి మార్చడానికి కొబ్బరి పీచు కుండీలు వాడుతున్నాను. మూతి 7 సెంటీమీటర్లు ఉండే చిన్నవి. "కుండీతో సహా మట్టిలో పెట్టేయండి, వేరు కదలదు, కుండీ మట్టిలో కలిసిపోతుంది" అని చెప్పి అమ్ముతారు. వేరు కదలదన్నది నిజమే. కలిసిపోవడం మాత్రం వాళ్లు చెప్పినంత తొందరగా జరగదు. పీచు విడిపోకుండా వీటిని ఎక్కువగా సహజ రబ్బరు పాలతో అతికిస్తారు. పూత అయిపోయాక బంతి మొక్కలు పీకి చూస్తే కుండీ గోడ ఇంకా గట్టిగానే ఉంది, వేర్లు సందు దొరికిన వైపు మాత్రమే బయటికి వెళ్లాయి. అందుకే ఇప్పుడు నాటే ముందు అడుగు కోసేసి, పక్కల రెండు మూడు గాట్లు పెడుతున్నాను. తేడా కనిపిస్తోంది.

వీటికి సిసలైన పని తల్లివేరు పూల దగ్గర. పాపీ, లార్క్‌స్పర్, లూపిన్, స్వీట్ పీ లాంటివాటికి వేరు కదిలిందంటే మొక్క అలిగి కూర్చుంటుంది. వీటికి అసలు నారు తీయడమే పెట్టుకోకుండా, విత్తనాలు నేరుగా పీచు కుండీలోనే వేస్తాను. రెండు మూడు మొలిస్తే బలమైనదాన్ని ఉంచి, మిగతావాటిని మొదలు దగ్గర కత్తెరతో కత్తిరిస్తాను. పీకితే పక్కదాని వేరు కూడా లేచి వస్తుంది. ప్లాస్టిక్ కుండీలో వేర్లు గోడ తగలగానే చుట్టలు చుట్టుకుంటాయి. ఇక్కడ వేరు కొస గోడలోంచి బయటికి వచ్చి, గాలి తగిలి ఎండి ఆగిపోతుంది. దాంతో లోపల పక్కవేర్లు బాగా పడతాయి. ఈ పూల వరకు వీటిని వదలను.

పెటూనియా, లొబీలియా, స్నాప్‌డ్రాగన్ దగ్గరికొచ్చేసరికి కథ వేరు. పెటూనియా విత్తనం దుమ్ములా ఉంటుంది, గ్రాముకు వేలల్లో తూగుతాయి. మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకూడదు. ట్రేలో మొలిపించి, బీజదళాల (మొలకకు మొట్టమొదట వచ్చే ఆకుల జత) తర్వాత ఒక జత అసలు ఆకులు రాగానే మార్చాలి. గంట ముందు ట్రే తడుపుతాను. టూత్‌పిక్‌తో మొక్క కింద నుంచి మట్టితో సహా లేపి, ఆకు పట్టుకుని తీస్తాను. కాడను వేళ్లతో పట్టుకోవద్దు. అది దారమంత ఉంటుంది, కాస్త నలిగినా మొక్క పోయినట్టే. ఆకు తెగితే మరో ఆకు వస్తుంది, కాడకు ఆ అవకాశం లేదు. పెన్సిల్‌తో గుంట చేసి, బీజదళాలు మట్టికి కాస్త పైన ఉండేలా దింపుతాను. వేలితో అదమను, మట్టి సర్దే పని నీళ్లకే వదిలేస్తాను.

ఇంత జాగ్రత్తగా దింపాక పీచు గోడ పెట్టే టెన్షన్ మొదలవుతుంది. పొద్దున నిండుగా తడిపినా మధ్యాహ్నానికి అంచు ఎండి రంగు మారుతుంది, లోపలి మట్టి పీచు గోడను వదిలేసి సన్నటి సందు ఇస్తుంది. ఈ నారు వేరు అంగుళం కూడా ఉండదు. ముందు ఎండేది సరిగ్గా ఆ పై పొరే. పోనీ అని పైనుంచి మాటిమాటికీ నీళ్లు పోస్తే నారుకుళ్ళు పట్టుకుంటుంది: మట్టి తగిలే చోట కాడ సన్నబడి, నిలబడ్డ మొక్క పక్కకు ఒరిగిపోతుంది. అలా పడ్డ మొక్క లేవదు.

కుండీలను ముందుగా నానబెట్టి, మట్టి అంచుదాకా నింపి, అంచు పైకి మిగిలితే కత్తిరించి, ట్రేలో ఒకదానికొకటి ఆనించి పెట్టి, కింద నుంచి నీళ్లిస్తే చాలావరకు సర్దుకుంటుంది. పైకి పొడుచుకొచ్చిన అంచు లోపలి తడిని పైకి లాగి గాలికి వదిలేస్తుంది. కుండీతో భూమిలో నాటినప్పుడు కూడా ఆ అంచు మట్టిలో పూర్తిగా మునగాలి. కానీ ఈ హైరానా అంతా పెటూనియాకు ఎందుకని నా ప్రశ్న. దానికి ఉన్నవి పీచు వేర్లు, కాస్త కదిలినా తట్టుకుంటుంది. అడుగున రంధ్రాలున్న పలచటి ప్లాస్టిక్ కుండీ అయితే పక్కలు నొక్కగానే మట్టి ముద్ద చెదరకుండా బయటికి వస్తుంది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఆ పూలకు నేను ప్లాస్టిక్‌కే తిరిగి వచ్చేశాను.

కుండీ బయట తెల్లటి బూజు వస్తే కంగారు పడక్కర్లేదు. కాస్త గాలి ఆడేలా జరిపితే తగ్గుతుంది. మొదటిసారి నానబెట్టిన నీళ్లు డికాషన్ రంగులో దిగుతాయి, వాటిని పారబోయండి. పీచులో ఉప్పు మిగిలి ఉంటే చిన్న మొక్కల ఆకుల అంచులు మాడతాయి, కాబట్టి రంగు తగ్గేదాకా ఇంకోసారి నానబెట్టడం మేలు. కొనేటప్పుడు గోడను వెలుతురుకు ఎత్తి చూడండి. పీచు మధ్య సన్నటి సందులు కనిపించే పలచటివి తీసుకోండి. అట్టలా బిగుసుకున్నవాటిలో వేరు దారి వెతుక్కోలేదు. గుండ్రటివాటి కంటే చదరంగా ఉన్నవి ట్రేలో సందులేకుండా సర్దుకుంటాయి, తడి కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.