బరువు తగ్గితే గాలీ తగ్గించే మెషీన్: ఆటో సీపాప్‌తో నా అనుభవం

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉన్నవాళ్లకి, గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్ సీపాప్. నేను చెప్పాలనుకున్నది, అవసరాన్ని బట్టి ఆ ఒత్తిడిని తనే మార్చుకునే ఆటో మోడ్ గురించే. బరువు తగ్గించే ఆపరేషన్‌కి (బేరియాట్రిక్ సర్జరీ) వెళ్లబోయేవాళ్లు, చవగ్గా వస్తోంది కదా అని ఎప్పుడూ ఒకే ఒత్తిడితో నడిచే ఫిక్స్‌డ్ ప్రెషర్ మెషీన్ కొంటే తర్వాత విసుక్కుంటారు. నేను ఆటో కొని రెండేళ్లు దాటింది. పెట్టిన డబ్బుకి ఇప్పటికీ బాధ లేదు.

ఆపరేషన్‌కి ముందు నా బరువు 118 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు ఎంతో చెప్పే లెక్క) 39. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ 46 వచ్చింది. అంటే నిద్రలో గంటకి సగటున అన్నిసార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందన్నమాట. 30 దాటితే సివియర్ కింద లెక్క. మామూలుగా ఇన్సూరెన్సు ఈ ఆపరేషన్‌కి డబ్బివ్వాలంటే బీఎంఐ 40 ఉండాలి. 35 దాటి, సివియర్ స్లీప్ ఆప్నియాలాంటి జబ్బు ఉన్నా ఒప్పుకుంటారు. అలా నా గురక జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చింది.

మత్తు డాక్టరుగారు మొదటి రోజే టేపు తీసి నా మెడ చుట్టుకొలత చూశారు. ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు రోజూ మాస్క్ పెట్టుకుని అలవాటు చేసుకోమన్నారు. అడ్మిషన్ రోజు మీ మెషీన్, మీ మాస్కే తెచ్చుకోండని గట్టిగా చెప్పారు. మత్తు పూర్తిగా దిగకపోవడం, నొప్పికిచ్చే మందులు శ్వాసని మందగించేలా చేయడం, రెండూ కలిస్తే మాలాంటివాళ్లకి మొదటి రాత్రే గండమట. గాలి ఒత్తిడికి లోపలి కుట్లు ఊడతాయేమోనని మా ఆవిడ భయపడింది. అలా అవుతుందని స్టడీల్లో తేలలేదమ్మా, పెట్టుకోకపోతేనే ప్రమాదం అన్నారు సర్జన్‌గారు. తల వైపు మంచం ఎత్తి, వేలికి ఆక్సిజన్ క్లిప్ తగిలించి, ముఖానికి మాస్క్ పెట్టి పడుకోబెట్టారు. ఆ రాత్రి గురించి నాకు అంతకంటే గుర్తులేదు.

ఇంటికొచ్చాక తెలిసింది ఆటో విలువ. డాక్టరుగారు ప్రెషర్‌కి 6 నుంచి 16 వరకు పరిధి పెట్టి వదిలేశారు. మొదట్లో రాత్రి ఎక్కువ భాగం 13 దగ్గర నడిచేది. బరువు దిగేకొద్దీ 11కి, తర్వాత 9కి దానంతటదే వచ్చింది. సెట్టింగ్ మార్పించడానికి ఒక్కసారి కూడా తిరగలేదు. శబ్దం ఎంత తగ్గిందంటే, "ఏవండీ, అసలు ఆన్ చేశారా?" అని మా ఆవిడ మధ్యరాత్రి లేపి అడిగేది. నాకు చేసిన స్లీవ్ ఆపరేషన్ తర్వాత పొట్ట చిన్నదైపోతుంది కదా, మింగిన గాలి కాస్త ఎక్కువైనా ఉబ్బరం, తేన్పులు. అవసరం తగ్గాక కూడా 13తోనే పడుకోవాల్సి వస్తే నేనైతే మాస్క్ పీకి పారేసేవాణ్ని.

ఆరో నెల దాటాక తలనొప్పి మొదలైంది. పొద్దున లేచేసరికి కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగర. కళ్ల డాక్టరు చుక్కల మందు రాశారు. రాత్రిళ్లు మాస్క్ అంచు దగ్గర సన్నగా ఈల. స్ట్రాపులు బిగిస్తే చెంపల మీద చారలు పడ్డాయి గానీ ఈల ఆగలేదు. పొద్దున స్క్రీన్ మీద 2, 3 ఉండే ఏహెచ్ఐ 9, 11 చూపిస్తోంది. బరువు తగ్గుతుంటే జబ్బు పెరగడమేమిటని ఒకటే టెన్షన్. అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే, చూడకుండానే మోటారు పోయి ఉంటుందన్నారు. సర్వీసుకి పంపాలట, అందాకా ఇంకో మెషీన్ కావాలంటే అద్దె కట్టాలట.

స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్ కుర్రాడు మాత్రం మెమరీ కార్డు పెట్టి గ్రాఫు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. "సార్, ఈ మాస్క్ ఆపరేషన్‌కి ముందు కొన్నదేనా?" అన్నాడు. అవునన్నాను. లార్జ్ సైజు. బుగ్గలు కరిగి, ముక్కు దూలం పక్కన సందు ఏర్పడి, గాలంతా అక్కణ్నుంచి కళ్లలోకి పోతోంది. సొరుగులోంచి మీడియం కుషన్ (మాస్క్‌లో ముఖానికి ఆనే మెత్తటి భాగం) తీసి, అదే ఫ్రేముకి తగిలించి, వెల్లకిలా పడుకోమని మెషీన్ ఆన్ చేశాడు. ఈల లేదు. కుషన్ ఖరీదు షాపువాళ్లు అడిగిన అద్దెలో నాలుగో వంతు కూడా కాదు. మెషీన్ అమ్మేటప్పుడు ముఖం కూడా చిక్కుతుందని ఒక్క ముక్క చెబితే వాళ్ల సొమ్మేం పోయేదో!

లీక్ ఎక్కువగా ఉంటే ఆటో మెషీన్‌కి మన ఊపిరి సరిగ్గా తెలియదట. అప్పుడు అది చూపించే ఏహెచ్ఐని గానీ, పెంచే ప్రెషర్‌ని గానీ పెద్దగా నమ్మడానికి లేదు. లీక్ లేనప్పుడు కూడా ఆ అంకె మెషీన్ పెట్టుకున్నప్పటి సంగతే చెబుతుంది, లేకపోతే ఎలా ఉంటామో చెప్పదు. ఇప్పుడు నా బరువు 86. మాస్క్ లేకుండా కునుకు తీసినా గురక లేదని మా ఆవిడ సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఇక తీసేయొచ్చనుకుంటే, డాక్టరుగారు మెషీన్ లేకుండా మళ్లీ స్లీప్ స్టడీ చేయించారు. ఏహెచ్ఐ 17 వచ్చింది. సివియర్ నుంచి మోడరేట్‌కి దిగింది గానీ, పోలేదు.

కాబట్టి ఇంకా వాడుతున్నాను. మాది కరెంటు పోయే ఊరు, ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ వేడి ఆపేయాలి, లేకపోతే తెల్లారేదాకా బ్యాటరీ రాదు. నోటితో ఊపిరి పీల్చేవాణ్ని కాబట్టి నాకు ఫుల్ ఫేస్ మాస్క్ తప్పలేదు, ముక్కుతో పీల్చేవాళ్లకి కుషన్ గోల ఇంత ఉండకపోవచ్చు. బరువు తగ్గే ఆలోచన లేనివాళ్లకి, ప్రెషర్ కుదురుగా ఉన్నవాళ్లకి ఆటోకి అంత డబ్బు పెట్టమని నేను చెప్పను. మీకు అక్కర్లేనప్పుడు మెషీన్ నాకు ఇచ్చేయండని మా తోడల్లుడుగారు అడుగుతున్నారు. ముందు మీరు స్లీప్ స్టడీ చేయించుకోండి అన్నాను.