మోంటెనెగ్రోకి ఎన్ని రోజులు? ఒకటా, నాలుగా, వారమా?

"అన్నా, నల్గొండ జిల్లా అంత దేశానికి వారం రోజులా?"

మొన్న జూన్‌లో మోంటెనెగ్రో వెళ్లొచ్చినప్పటి నుంచి మ్యూనిక్‌లో మనవాళ్లు నన్ను అడుగుతున్నది ఇదే. అడగడంలో తప్పేం లేదు. యూరప్‌లోని ఆ దేశం మొత్తం 13,812 చదరపు కిలోమీటర్లు. మా ఉమ్మడి నల్గొండ జిల్లానే అంతకంటే కొంచెం పెద్దది. పైగా అక్కడివాళ్లు తమ దేశాన్ని పిలుచుకునే ‘త్స్ర్నా గోరా’ అనే పేరుకి అర్థం కూడా నల్లకొండే. కానీ మా జిల్లాలో ఈ చివర పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఆ చివర ఉంటాం. అక్కడ సముద్రం ఒడ్డు నుంచి రెండున్నర వేల మీటర్ల శిఖరాల దాకా చాలావరకు ఘాట్ రోడ్డే. మ్యాప్ చూసి వేసుకున్న లెక్క అక్కడే తప్పుతుంది.

మేము రెండు రకాలుగానూ చూశాం. మొదటిసారి పక్కనున్న క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేశాం. ఈసారి ఏడు రాత్రులు ఉన్నాం.

ఒక్కరోజు ట్రిప్పు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డుబ్రోవ్నిక్ నుంచి మోంటెనెగ్రో సముద్రతీరంలోని పాత కోట ఊరు కోటర్‌కి దాదాపు 90 కిలోమీటర్లే. అయితే ఎండాకాలంలో సరిహద్దు దగ్గర క్యూలోనే గంటా రెండు గంటలు పోతాయి. కోటర్ చేరేసరికి క్రూయిజ్ షిప్పుల జనం మొత్తం ఆ సన్నటి సందుల్లోనే ఉంటారు. కోట ఎక్కడానికి 1,350 మెట్లు. అవి మిట్టమధ్యాహ్నం ఎక్కాల్సి వస్తుంది. ఇంకో సంగతి, చాలామందికి తట్టదు: 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది, మోంటెనెగ్రో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో దాటారంటే మళ్లీ డుబ్రోవ్నిక్ రానివ్వరు. మాకు జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మీ కాగితాలకు ఏ రూల్ వర్తిస్తుందో టికెట్లు కొనకముందే ఎంబసీ సైట్‌లో చూసుకోండి.

మూడు నాలుగు రోజులు ఉంటే సముద్రం వైపు బాగానే చూడొచ్చు. సాయంత్రం షిప్పులు వెళ్లిపోయాక కోటర్ వేరే ఊరు. సందుల్లో రాతి పలకలు ఇంకా వెచ్చగా ఉంటాయి, ఏ ఇంట్లోంచో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, ప్రతి గుమ్మం ముందూ ఒక పిల్లి. కోటర్ దగ్గరి పెరాస్ట్ ఊరికి ఎదురుగా ఉన్న చిన్న దీవి మనుషులు కట్టుకున్నది. నీళ్లలో రాళ్లు పడేసి, పాత ఓడలు ముంచి తయారుచేశారు. ఇప్పటికీ ఏటా జులై 22న సూర్యాస్తమయం వేళ ఊరివాళ్లు పడవల్లో వెళ్లి రాళ్లు వేసి వస్తారు. ఒకరోజు లొవ్‌చెన్ కొండకి పెట్టుకోవచ్చు. కోటర్ నుంచి పైకి పాతిక హెయిర్‌పిన్ మలుపులు, ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. డ్రైవింగ్ టెన్షన్ వద్దనుకునేవాళ్లకి 2023 నుంచి కేబుల్ కార్ ఉంది. తీరంలోనే ఉన్న బుద్వా ఊరు మాకు అంతగా నచ్చలేదు, హోటళ్లు ఎక్కువ. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకీ, మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్లకీ నాలుగు రోజుల ప్లానే సరైనది.

మిగిలినవాళ్లకి మాత్రం, నా దృష్టిలో, చూడాల్సిన లెక్క రోజులది కాదు. కొండమీద ఎన్ని రాత్రులు పడుకుంటారన్నది.

కోటర్ నుంచి దుర్మితోర్ కొండల్లోని ఝబ్ల్యాక్ ఊరికి దాదాపు 170 కిలోమీటర్లు, మూడు గంటల పైనే పడుతుంది. అందుకే తీరం నుంచి ఒక్కరోజు టూర్లో దుర్మితోర్ వెళ్లినవాళ్లు రోజంతా బస్సులో కూర్చుని, అక్కడి నల్ల సరస్సు దగ్గర కాసేపు ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ కాసేపట్లో మబ్బు పట్టిందంటే అంతే. మాకు మొదటిరోజు అదే జరిగింది. సరస్సు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది, అవతలి ఒడ్డు కూడా కనబడలేదు, ఉరుములు మొదలయ్యాయి. మా పాప "కొండ ఏది నాన్నా?" అని అడుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున ఆరింటికి మళ్లీ వెళ్లాం. మంచు తెర కింది నుంచి మెల్లగా లేచింది. ముందు పైన్ చెట్లు, తర్వాత రాతిగోడ, ఆఖరికి మెజెద్ శిఖరం మొత్తం నీళ్లలో తలకిందులుగా కనబడింది. మెజెద్ అంటే వాళ్ల భాషలో ఎలుగుబంటి. పాప అరగంట సేపు అక్కడి నుంచి కదల్లేదు. ఎండాకాలంలో ఆ కొండల్లో పొద్దున తేటగా ఉండి మధ్యాహ్నానికి మబ్బులు కమ్మడం మామూలే. ఒక్క రాత్రి ఉంటే మీకు దక్కేది ఒక్క ఉదయం, మూడు రాత్రులుంటే మూడు.

మిగతా సమయం అక్కడికి దగ్గర్లోని తారా నది లోయకి సరిపోతుంది. దాని లోతు 1,300 మీటర్ల దాకా ఉంటుంది. దాని మీది వంతెన 1940లో పూర్తయింది. రెండేళ్లకే ఇటలీ సైన్యాన్ని ఆపడానికి, దాన్ని కట్టిన ఇంజినీర్లలో ఒకడైన లాజర్ యౌకోవిచ్ తన చేతులతోనే ఒక ఆర్చి పేల్చేశాడు. తర్వాత పట్టుబడితే అక్కడే కాల్చి చంపారు. ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తూ ఆ కథ మా ఆవిడకి చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

శాకాహారులు భయపడక్కర్లేదు. మొక్కజొన్న పిండి, బంగాళాదుంప కలిపి కర్రతో మెదిపి చేసే ‘కచమాక్’ దొరుకుతుంది. ఆ కర్ర చూడగానే మా నానమ్మ సంకటి తెడ్డు గుర్తొచ్చింది. పైన మీగడలాంటి కైమాక్ కరుగుతూ వస్తుంది. మా పాప రెండోసారి పెట్టించుకుంది.

మా వారం ఇలా గడిచింది: కోటర్ దగ్గర మూడు రాత్రులు, ఓస్ట్రోగ్ మఠం మీదుగా వెళ్లి ఝబ్ల్యాక్‌లో మూడు, ఆఖరిది స్కాదర్ సరస్సు ఒడ్డున విర్‌పజార్‌లో. విర్‌పజార్ రాజధాని పోద్గోరిత్సా ఎయిర్‌పోర్టుకి దగ్గర. పది రోజులుంటే బియోగ్రాద్‌స్కా అడవి కూడా కలుపుకోవచ్చు, సెలవులు మిగిలితేనే. ఝబ్ల్యాక్ నుంచి ప్లూజినె వెళ్లే కొండదారి మంచు కారణంగా చలికాలంలో మూసేస్తారు, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోండి.

నాలుగు రోజులే ఉన్నాయి, డ్రైవింగ్‌కి ఇబ్బంది లేదు అంటారా? అప్పుడు బుద్వా వదిలేయండి. రెండు రాత్రులు కోటర్, రెండు రాత్రులు ఝబ్ల్యాక్.