బీదర్ వెళ్ళేవాళ్ళకి: పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయకండి

హైదరాబాద్ నుంచి సుమారు 140 కిలోమీటర్లే కదా అని చాలామంది బీదర్‌ని ఒక్కరోజు ట్రిప్ కింద పెట్టుకుంటారు, కోట చూసి బిర్యానీ తిని తిరిగొచ్చేస్తారు. అలా చేస్తే ఆ ఊళ్ళో అన్నిటికన్నా మంచిది మిస్ అయిపోతారు, అది అష్టూర్.

ఊరికి తూర్పున ఓ మూడు కిలోమీటర్లు వెళ్తే పొలాల పక్కన బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన అహ్మద్ షా వలీ సమాధి బయటనుంచి మామూలుగానే కనపడుతుంది కానీ లోపలికెళ్ళి చూడాలి. మొదట అంతా చీకటే. అక్కడుండే పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి అద్దంతో ఎండని పైకి కొట్టారు, ఆ వెలుగు ఎక్కడ పడితే అక్కడ ఎరుపు, బంగారు రంగు, సన్నటి లతలు, రాతలు ఒక్కసారిగా బయటపడ్డాయి, దాదాపు ఆరొందల ఏళ్ళ నాటి రంగులండీ! ఆయనకి తప్పకుండా ఎంతో కొంత ఇవ్వండి. ఈ సుల్తాన్‌ని హిందువులు కూడా కొలుస్తారు, ఉర్సుకి అందరూ కలిసే వస్తారు. పక్కనే హుమాయూన్ షా సమాధి సగం కూలిపోయి ఉంటుంది, గుమ్మటం ఎంత మందంగా కట్టారో అక్కడ బాగా తెలుస్తుంది. దార్లోనే చౌఖండీ అని ఒక సూఫీ గురువు సమాధి ఉంది, ఆగి చూడండి.

కోట చాలా పెద్దది, నడక ఎక్కువ, నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. రంగీన్ మహల్‌కి తాళం వేసి ఉంది, మ్యూజియం దగ్గర స్టాఫ్‌ని అడిగితే వచ్చి తీశారు, నల్లరాయిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిన పని చూడకుండా రాకండి. అంత గొప్పచోట ఒక సరైన బోర్డు కూడా లేకపోవడం మాత్రం బాధగా అనిపించింది.

ఊళ్ళో బహమనీల మంత్రి మహమూద్ గవాన్ పేరున్న మదర్సా 1472లో కట్టింది. ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి సగం పోయింది, మిగిలిన ఒక్క మినార్ మీద నీలం, ఆకుపచ్చ పలకలు ఇంకా ఉన్నాయి. పొద్దున ఎండలో చూడండి, ముఖద్వారం తూర్పువైపే.

ఊరి మధ్యలో ఉన్న పాత కావలి బురుజు చౌబారా చుట్టుపక్కల బిద్రీ పనివాళ్ళ షాపులున్నాయి. జింక్, కాస్త రాగి కలిపి పోతపోసి, ఉలితో గీతలు చెక్కి, వెండి తీగ కొట్టి, చివర్లో కోట మట్టి నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. షోరూంలో కంటే పనిచేసే చోటే కొనుక్కోండి, చేసినవాళ్ళకి డబ్బు నేరుగా అందుతుంది.

మేం దిగిన లాడ్జిలో రూం శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు పొద్దున కాసేపే, లిఫ్ట్ పనిచేయలేదు, పెద్దవాళ్ళతో వెళ్తే ముందే ఫోన్ చేసి కింద రూం అడగండి. ఆటోవాళ్ళతో అష్టూర్, చౌఖండీ కలిపి వెయిటింగ్‌తో సహా మాట్లాడుకోండి, తిరుగు ఆటో అక్కడ దొరకదు. భాషకి ఇబ్బంది లేదు, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కాబట్టి మన దక్కనీ ఉర్దూ బాగా నడుస్తుంది, తెలుగు వచ్చినవాళ్ళూ తగులుతారు. సొంత కారైతే జహీరాబాద్ దగ్గర కుడివైపు తిరగాలి. వానలు తగ్గాక వెళ్ళడం మంచిది, ఎండాకాలం కోటలో పిల్లలతో తిరగలేరు.