చాకు పోకుండా ఏ తాడు కట్టాలి? లాన్‌యార్డుల మీద సమీక్ష

అడవిలో, కొండ మీద చాకు చేతిలోంచి జారిపోవడం తక్కువ. పండు కోసి, చాకును బండ మీద పెట్టి, చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోవడం ఎక్కువ. నేల మీద కూర్చున్నప్పుడు ప్యాంటు జేబు వాలి, చాకు చప్పుడు లేకుండా గడ్డిలోకి జారిపోవడం మరొకటి. పడవ అంచునో బండ అంచునో పట్టు తప్పి పడేది ఆ తర్వాతే. చాకు పోకుండా కట్టే తాళ్లను బజారులో లాన్‌యార్డ్ పేరుతో అమ్ముతారు, అవన్నీ ఒకే పని చెయ్యవు. మీ చాకు ఏ దారిన పోతోందో చూసుకోకుండా కొంటే డబ్బు దండగ, ఒక్కోసారి గాయం కూడా.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. రెడీమేడ్ లాన్‌యార్డ్ ఏదీ కొనకండి. 2 మి.మీ. నైలాన్ తాడు కొన్ని మీటర్లు, 4 మి.మీ. పారాకార్డ్ (పైన తొడుగు, లోపల పోగులు ఉండే తాడు) కొన్ని మీటర్లు, గట్టి తిరుగుడు కొక్కెం ఒకటి కొనుక్కుని మీరే కట్టుకోండి. చాకుకు ఎప్పుడూ వేలాడే పొట్టి కుచ్చు ఒకటి, అవసరమైనప్పుడు మాత్రం ఆ కుచ్చుకు తగిలించే పొడవు తాడు ఒకటి. ఈ రెండోదాన్ని పలుపు అంటాను, చేసేది ఆ పనే కాబట్టి. మొలతాడుకు తాళంచెవి కట్టుకునే అలవాటున్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

రెడీమేడ్‌వాటిలో మొదట చూడాల్సింది స్ప్రింగులా చుట్టుకుని ఉండే ప్లాస్టిక్ తీగ. సాగితే మీటరు దాకా వస్తుంది, వదిలితే జానెడవుతుంది. చూడ్డానికి అన్నిటికన్నా తెలివైనది, చాకుకు అన్నిటికన్నా చెడ్డది. తెరిచి ఉన్న చాకు చెయ్యి జారితే ఈ తీగ దాన్ని నేల మీద పడనివ్వదు, వెనక్కి లాగి తొడ మీదకి విసురుతుంది. చేపలు పట్టేవాళ్లు పట్టుకారుకు కట్టుకుంటే సరే, దానికి అంచు లేదు కాబట్టి. ఐడీ కార్డు రీలుదీ ఇదే గుణం, పైగా దాని స్ప్రింగు కార్డు బరువుకు చేసింది. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే 58 మి.మీ. చిన్న మడత చాకు క్లాసిక్ ఎస్‌డి బరువు దాదాపు 21 గ్రాములే కనక దాన్ని లాగగలదు. అదే కంపెనీ 91 మి.మీ. హంట్స్‌మన్ దాదాపు 97 గ్రాములు, దాన్ని కడితే రీలు నోరు తెరిచి వేలాడుతుంది. లోపలికి ఇసుక చేరితే క్లాసిక్‌నీ లాగలేదు.

మెడలో వేసుకునే పట్టీ వద్దు. వెయ్యక తప్పకపోతే వెనకవైపు లాగితే ఊడే బకిల్ ఉండి తీరాలి, లేకపోతే కొమ్మకు తగులుకున్న క్షణంలో అది ఉరితాడే. ఆ బకిల్ ఉన్నదేమో నీళ్ల మీద పనికిరాదు. ఊడటమే దాని పని, చాకుతో సహా ఊడి నీళ్లలో పడుతుంది. మణికట్టు ఉచ్చు మీద కూడా నాకు మంచి అభిప్రాయం లేదు. కాలు జారి పడేటప్పుడు చాకును దూరంగా విసిరెయ్యగలగాలి, ఉచ్చు ఉంటే అది మీతోపాటే దొర్లుతుంది. పడవలో కదలకుండా కూర్చుని పనిచేసేటప్పుడు ఒక్కటే దానికి చోటు.

ఇక అసలు సరుకు, తాడు. పారాకార్డ్ అంటే మొదట్లో పారాచూట్ తాడే. అమెరికా సైనిక ప్రమాణం మిల్-సి-5040లో టైప్ 3 రకానికి కనీసం 550 పౌండ్ల, అంటే దాదాపు 250 కిలోల లాగుడును తట్టుకోవాలని ఉంది. పై తొడుగు లోపల 7 నుంచి 9 పోగులుంటాయి. 550 కార్డ్ అన్న పేరు అక్కడిదే. మన దగ్గర 550 అని రాసి అమ్మేవాటిలో చాలావాటికి ఆ లక్షణాలుండవు. కొన్నవెంటనే రెండు పరీక్షలు చెయ్యండి. చివర కొంచెం కోసి లోపలి పోగులు బయటికి లాగండి. ఒక్కో పోగూ మళ్లీ రెండు మూడు సన్న దారాల పురిగా ఉండాలి, వదులైన దూదిలా ఉండకూడదు. తర్వాత అంగుళం ముక్కను సబ్బు నీళ్లలో ముంచి, వేళ్లతో నొక్కి గాలి తీసెయ్యండి. నైలాన్ మునుగుతుంది. తేలితే అది పాలీప్రొపిలిన్. దానికి పట్టు తక్కువ, నున్నగా ఉండి ముడి దానంతటదే వదులవుతుంది. చాకు పోవడానికి ఆ ఒక్క ముడి చాలు.

ముడి పడినచోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. తగ్గినా వంద కిలోల పైమాటే, వంద గ్రాముల చాకుకు అది లెక్కలోది కాదు. తెగేది తాడు కాదు, దానికున్న లోహపు కొక్కెం. చవక కొక్కేలు జింకు మిశ్రమంతో పోతపోసినవి. తిరిగే మెడ దగ్గర పుటుక్కున విరుగుతాయి, లేదా సన్న ఇసుక చేరి, కొక్కెం నోరు మూసే నాలుక సగంలో ఆగిపోతుంది. మూసుకుందనుకుంటాం, మూసుకుని ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి. ఇంట్లో రెండు లీటర్ల నీళ్ల సీసా దానికి తగిలించి, జానెడు ఎత్తు నుంచి ఇరవైసార్లు కుదపండి. నాలుక ఒక్కసారి తడబడినా పక్కన పెట్టెయ్యండి.

రంగు విషయంలో చాలామంది పొరపడతారు. ఆలివ్ పచ్చ, మట్టి రంగు, మచ్చల మిలటరీ రంగులే ఎక్కువ అమ్ముడుపోతాయి. పోయిన చాకు కనపడకుండా ఉండాలంటే వాటిని మించినవి లేవు. ఎరుపూ మంచిది కాదు. పగలు మన ఎర్రనేలలో కలిసిపోతుంది, పొద్దు వాలితే కంటికి నల్లగా కనపడుతుంది. మెరిసే నారింజ, నిమ్మపండు పసుపు ఎండుటాకుల మీదా పచ్చగడ్డిలోనూ కనపడతాయి. ఆకులు పండి పసుపుగా రాలే కాలంలో మాత్రం పసుపు మానండి. వెలుతురును తిప్పికొట్టే దారం నేసిన తాడు దొరికితే అదే కొనండి. హెడ్‌ల్యాంపు నుదుటి మీద ఉంటే దాని మెరుపు నేరుగా కంటికే వస్తుంది. అదే టార్చి నడుం దగ్గర పట్టుకుంటే అంత మెరవదు.

కుచ్చు కట్టే పద్ధతి. 2 మి.మీ. తాడు 40 సెం.మీ. కోసి సగానికి మడవండి. మడత కొసను చాకు పిడి చివర ఉండే కన్నంలోంచి పంపి, రెండు చివర్లనూ ఆ మడతలోంచి లాగి బిగించండి. కన్నం సన్నగా ఉండి మడత దూరకపోతే కుట్టుదారాన్ని దబ్బనంతో అవతలికి పంపి, దాని ఉచ్చుతో తాడును లాగండి. చాలా చాకుల కన్నం 4 మి.మీ. పారాకార్డ్ మడతను పట్టదు. లోపలి పోగులన్నీ లాగేస్తే తొడుగు చదునుగా అయి కొన్నిట్లో పడుతుంది, ఐనా 2 మి.మీ. తాడే నయం. చాకు నుంచి 3 సెం.మీ. దూరంలో రెండు పోగులనూ కలిపి ఒక మామూలు ముడి, చివర దగ్గర ఇంకో ముడి వేసి, మధ్యలో కొక్కెం పట్టేంత సందు ఉంచండి. మొత్తం 9, 10 సెం.మీ. దాటొద్దు. అంతకన్నా పొడవైతే కుచ్చు జేబులోంచి ఎక్కువగా వేలాడి, ముళ్లకంపకు తగులుకుని చాకునే బయటికి లాగేస్తుంది.

చివర్లు కాల్చేటప్పుడు మంటలో పెట్టకండి, మంట పక్కన పట్టండి. నల్లగా మాడితే తర్వాత పెళుసై రాలుతుంది. కరిగిన కొసను వేలితో అదమకూడదు, చర్మానికి అంటుకుని కాలుతుంది. తడిపిన చెంచా వెనకభాగంతో నొక్కండి. చల్లారాక అంచు గాజుపెంకులా కోసేలా ఉంటే సన్న గరుకు కాగితంతో రుద్దండి.

పలుపుకు 4 మి.మీ. తాడు 140 సెం.మీ. తీసుకోండి. ఒక కొసను కొక్కేనికి ఎనిమిది అంకె ముడితో, రెండో కొసను బెల్టుకు తగిలించే ఉచ్చుగా మళ్లీ ఎనిమిది ముడితో కడితే, ముడులకు పోను దాదాపు 65 సెం.మీ. మిగులుతుంది. ముడి తర్వాత తోక 4 సెం.మీ. వదలండి. పొడవు ఎందుకు ముఖ్యమంటే, చెయ్యి పూర్తిగా చాపితే అందాలని చాలామంది మీటరు తాడు కడతారు. తెరిచిన చాకు జారినప్పుడు అది సరిగ్గా చీలమండ దగ్గర ఊగుతుంది. 65 సెం.మీ. ఐతే పొట్ట ముందు పనికి సరిపోతుంది, జారితే మోకాలి కిందుగా ఆగుతుంది. అది కూడా ప్రమాదమే. అందుకే జారిన చాకును పట్టుకోబోకుండా, కాళ్లు ఎడంగా పెట్టి ఊగడం ఆగేదాకా నిలబడాలి.

తాడు ఎంత గట్టిదైతే అంత భద్రం అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 250 కిలోలు తట్టుకునే తాడు మిమ్మల్నీ వదలదు. పొదల్లో, వాగు దాటుతూ, దేనికైనా చిక్కుకుంటే అది తెగాలి. కాబట్టి బెల్టుకూ పలుపుకూ మధ్య నూలుదారపు కడియం పెట్టండి. కుట్టుదారం కొన్ని చుట్లు చుట్టి ముడివేసి, సామాను తూచే చేతి త్రాసుతో లాగి చూడండి. 8 కిలోల దాకా ఆగాలి, 15 లోపు తెగాలి. తక్కువకే తెగితే చుట్లు పెంచండి. 8 ఎందుకంటే చాకు బరువు వంద గ్రాములైనా, పడి ఆగేటప్పటి కుదుపు దానికి ఎన్నో రెట్లు. నూలు తడికి చివుకుతుంది, ప్రతి ప్రయాణానికీ కొత్త కడియం వెయ్యాలి. పొలంలో ఐతే ట్రాక్టరు పీటీఓ షాఫ్టు (వెనక యంత్రాలను తిప్పే ఇరుసు), నూర్పిడి యంత్రం, పంపు బెల్టు దగ్గర ఈ కడియం ఉన్నా పలుపు కట్టుకోకండి. తిరిగే ఇరుసు తాడును అందుకున్నాక దారం తెగేదాకా ఆగదు.

పలుపు నిజంగా అక్కరపడేది కింద మనుషులున్నప్పుడు, కింద నీళ్లున్నప్పుడు. ఓడల మీద నావికులు చాకును తాడుతో ఒంటికి కట్టుకున్నది దీనికే. తెరచాప కొయ్య మీంచి జారిన చాకు కింద డెక్కు మీద ఉన్నవాడి మీద పడుతుంది. భువనగిరి బండ మీద ఎక్కేవాళ్లకూ అదే లెక్క. మామూలు నడకలో పలుపు సంచిలోనే ఉండనివ్వండి, కుచ్చు చాలు.

నీళ్ల మీద తేలే ఫ్లోట్ కొనేముందు ఒక మాట. తాళంచెవులకని అమ్మే చిన్న బెండు ముక్క స్టీలు చాకును మొయ్యలేదు. బకెట్లో నీళ్లు పోసి, చాకుతో సహా వేసి పది నిమిషాలు చూడండి. మునిగితే అక్కడే తెలిసిపోతుంది, గోదావరిలో తెలుసుకోనక్కర్లేదు.

కన్నం లేని చాకుల సంగతి. ఫ్రెంచి మడత చాకు ఒపినెల్ 8 నంబరు మామూలు బీచ్ చెక్క పిడికి కన్నం ఉండదు. చివర నుంచి 10 మి.మీ. లోపలికి, ముందు 2 మి.మీ. డ్రిల్లుతో, తర్వాత 3 మి.మీ.తో తొలచండి. అవతలి వైపు ఒక చెక్కముక్క ఆనించకపోతే పిడి బయటికి చిట్లుతుంది. కన్నం లోపల అవిసె నూనె రాయండి, లేకపోతే తడి పీల్చి చెక్క ఉబ్బుతుంది. ఒపినెల్ ఉబ్బితే బ్లేడు తెరుచుకోవడమే కష్టం. జేబు క్లిప్పు ఉన్న చాకులకు క్లిప్పు మొదట్లో తాడు చుట్టి కట్టొచ్చు, కాకపోతే స్క్రూలు వదులవుతున్నాయేమో చూస్తుండాలి.

తాడు పాడయ్యే చోట్లు రెండే. ఒకటి కన్నం అంచు. లోహపు అంచు పదునుగా ఉంటే 400 నంబరు గరుకు కాగితాన్ని సన్నగా చుట్టి కన్నంలో తిప్పండి, లేదా మధ్యలో కీ రింగు వెయ్యండి. రెండోది చాకు మూసేటప్పుడు. కుచ్చు బ్లేడు గాడిలో పడితే అంచు దాన్ని సగం కోసేస్తుంది, పైకి కనపడదు. మూసే ముందు బొటనవేలితో కుచ్చును వెనక్కి తొయ్యండి. ఉప్పునీళ్లు, చేప నెత్తురు తగిలితే సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండ నైలాన్‌ను బలహీనం చేస్తుంది. తడి కుచ్చుతో చాకును డబ్బాలో పెట్టెయ్యకండి, కన్నం చుట్టూ తుప్పు మొదలయ్యేది అలాగే. కన్నం దగ్గర తొడుగు నూగు లేచినట్టు కనపడిన రోజున కోసి కొత్తది కట్టండి, 40 సెం.మీ. తాడుకు పోయేదేమీ లేదు.