నూతి నీళ్లకు ఐరన్ ఫిల్టర్: నాలుగేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. నూతి నీళ్లలో ఇనుము ఉంటే ఈ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు దాన్ని కడగడానికి పిడి తిప్పే ఓపిక ఇంట్లో ఒక్కరికైనా లేకపోతే మాత్రం కొనకండి. డబ్బు దండగ.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి ఊరి చివర. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. పెరట్లో పాత వరల నుయ్యి ఉంది. ఎండాకాలం అడుగంటుతోందని నూతి అడుగున బోరు దింపించాం. నీళ్లు పుష్కలంగా పడ్డాయి, వాటితో పాటే ఇనుమూ వచ్చింది. తోడినప్పుడు తేటగానే ఉంటాయి. రాత్రి బకెట్లో పట్టి ఉంచితే తెల్లారేసరికి పైన రంగుల తెట్టు, అడుగున ఇటుకరంగు మడ్డి. తెల్ల పంచెలు రెండు ఉతుకులకే పసుపు తిరిగేవి. బాత్రూం టైల్స్ ఎంత తోమినా మరక పోయేది కాదు. టీ పెడితే డికాషన్ నల్లగా దిగేది, పాలు పోసినా ఆ బూడిద రంగు వదిలేది కాదు.

ఇనుము ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలంటే జామాకు చాలు. నాలుగు ఆకులు నలిపి గ్లాసు నీళ్లలో వేయండి. ఇనుము గట్టిగా ఉంటే కాసేపట్లో ఊదారంగు తిరిగి నల్లబడుతుంది. ఆకులోని వగరు ఇనుముతో కలిసినప్పుడు వచ్చే నలుపు అది. కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, బెల్లంలో నానబెట్టిన తుప్పు ఇనుము నీళ్లతో నల్లగీతలు తీసేదీ ఈ సూత్రంతోనే. ఉందని తెలుస్తుంది గానీ ఎంత ఉందో జామాకు చెప్పదు. అది ల్యాబు పని.

ల్యాబుకు వెళ్లేలోపే ఒక సేల్స్ కుర్రాడు ఇంటికొచ్చాడు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మా నూతి నీళ్లు, రెండోదాంట్లో తన ఆర్వో నీళ్లు పోసి, కడ్డీల మిషన్ ముంచి కరెంటు పెట్టాడు. మా గ్లాసు నిమిషంలో గోధుమరంగు బురదైపోయింది, ఆర్వో గ్లాసు అలాగే ఉంది. మా అత్తగారికి గుండె జారిపోయింది. నిజానికి ఆ రంగులో ఎక్కువ భాగం నీళ్లది కాదు, కడ్డీది. కడ్డీ ఇనుముది, నీళ్లలో లవణాలుంటే కరెంటు పారి అది కరుగుతుంది, బురద వస్తుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటూ పారదు, రంగూ రాదు. ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమన్నాను. పెట్టాడు. అది మా నీళ్లకంటే ఎర్రగా తయారైంది. “మీ ఉప్పు మంచిది కాదు అంకుల్” అన్నాడు.

నవ్వొచ్చినా, మా వైపు ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కవిటి, కంచిలి, సోంపేట వైపు మాకు చుట్టాలున్నారు. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులతో పోయినవాళ్లను మేమూ చూశాం. ఎన్ని పరిశోధనలు జరిగినా దానికి నీళ్లే కారణమని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. అయినా ఉద్దానం పేరెత్తితే చాలు, ఏ మిషనైనా అమ్ముడుపోతుంది.

జల్ జీవన్ మిషన్ వచ్చాక ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబుల్లో మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చిన సీసాలోనే పట్టాలి, ఆ రోజే అందించాలి. మా రిపోర్టులో ఇనుము లీటరుకు 2.4 మిల్లీగ్రాములు, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) 340, పులుపు ఎంతో చెప్పే పీహెచ్ 7.1, ఫ్లోరైడ్ 0.6, కోలిఫాం క్రిములు ఉన్నాయి. ఇనుము 0.3 దాటితేనే బట్టలకూ పింగాణీకీ మరకలు పడతాయి, మాది దానికి ఎన్నో రెట్లు. ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు, ఆ బాధ లేదు. టీడీఎస్ 500 లోపు ఉంటే తాగడానికి బాగానే ఉన్నట్టని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క. అలాంటి చోట ఆర్వోలు వాడకుండా నిషేధం తెమ్మని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది కూడా. పైగా ఇంత ఇనుముతో ఆర్వో పొర త్వరగా పూడుకుపోతుంది. క్రిములను వెలుగుతో చంపే యూవీ మిషనూ అంతే, దీపం చుట్టూ ఉండే గాజు గొట్టం మీద పసుపు పొర కడితే వెలుగు నీళ్లకు అందదు. కాబట్టి ఏం కొన్నా ముందు ఇనుము తీయాలి.

ఇంకో మాట. జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు ఇనుమును పట్టలేదు. 340లో ఆ 2.4 ఎక్కడ కనబడుతుంది?

భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది. పైకొచ్చి గాలి తగిలాక తుప్పై విడిపోతుంది. బకెట్లో రాత్రంతా జరిగే ఆ పనిని ట్యాంకు లోపల త్వరగా జరిపించి, తుప్పును ఇసుకలో ఆపేయడమే ఫిల్టర్ చేసేది. నిలువుగా ఉండే ఫైబర్ ట్యాంకు, అడుగున గులకరాళ్లు, పైన ఇసుక, దాని మీద మాంగనీస్ డయాక్సైడ్ నల్ల గింజలు, పైపైన కార్బన్. ఆ నల్ల గింజలు పనిచేయాలంటే నీళ్లు పులుపు వైపు ఉండకూడదు, పీహెచ్ 7 దగ్గరైనా ఉండాలి. నీళ్లలో గాలి కూడా ఉండాలి. మా బోరు నీళ్లు నూతిలోకి ఊరి అక్కడ గాలి తగిలాకే మోటారుకు అందుతాయి కాబట్టి విడిగా ఏర్పాటు అక్కర్లేకపోయింది. నేరుగా బోరు నుంచి పైపులోకి వచ్చే ఇళ్లలో గాలి ఎక్కించే ఏర్పాటు కావాలి. అది లేకుండా బిగించి, పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

సైజు దగ్గర చాలామంది పెద్దదే మేలనుకుంటారు. కాదు. ఆ నల్ల గింజలు బరువైనవి. ట్యాంకు వెడల్పు పెరిగేకొద్దీ, ఆగిన తుప్పును కింది నుంచి నీళ్లు పంపి కడిగేటప్పుడు (దీన్నే బ్యాక్‌వాష్ అంటారు) వాటిని పైకి లేపడానికి ఎక్కువ నీళ్లు ఒక్కసారిగా కావాలి. ఒక హెచ్‌పీ మోటారుకు పది అంగుళాల వెడల్పు, యాభై నాలుగు అంగుళాల ఎత్తు ట్యాంకు సరిపోతుంది. దుకాణాల్లో పది యాభైనాలుగు అంటే ఇచ్చేస్తారు. కంపెనీ పేరు రాయడం లేదు. ట్యాంకు ఎవరిదైనా అంత తేడా ఉండదు, లోపల పోసిన సరుకులోనే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి తెప్పించుకున్నాం. పైపులు, ప్లంబర్ కూలి, సిమెంటు దిమ్మతో కలిపి పాతిక వేలకు కాస్త లోపే అయింది.

ఎక్కడ బిగించాలన్నదాని మీద ప్లంబర్‌తో పెద్ద చర్చే నడిచింది. మేడ మీది ట్యాంకు నుంచి దిగే పైపుకు పెడదామని ఆయన. “పైపు పని తక్కువ మాస్టారూ, మీకు ఖర్చూ కలిసొస్తుంది.” కానీ పది మీటర్ల ఎత్తుకు గానీ చదరపు సెంటీమీటరుకు కేజీ ప్రెషర్ రాదు. ఒక అంతస్తు ఇంటికి అరకేజీ కూడా కష్టం, దాంతో ఇసుక ఏం కడుగుతాం? అందుకే నూతి మోటారుకూ మేడ ట్యాంకుకూ మధ్యన పెట్టించాం. మేడ ట్యాంకులో తుప్పు మడ్డి పేరుకోకపోవడం అదనపు లాభం. ఫిల్టర్ పక్కనుంచి బైపాస్ లైను తప్పకుండా పెట్టించుకోండి.

ఇక రోజువారీ సంగతి. తల మీద ఆరు గుర్తులున్న పిడి ఉంటుంది. మోటారు ఆపి, పిడి నొక్కి బ్యాక్‌వాష్‌కు తిప్పి, మళ్లీ మోటారు వేయాలి. పక్కనున్న చిన్న గాజు బుడ్డిలో చూస్తుంటే మొదట తేటగా వచ్చి, ఒక్కసారిగా ఎర్రమట్టి రంగుకు తిరిగి, చిక్కబడి, పది నిమిషాలకు మెల్లగా పలచబడుతుంది. తేటపడ్డాక రెండు నిమిషాలు రిన్స్‌లో ఉంచి, ఫిల్టర్‌కు తెచ్చేయడమే. ఆ నీళ్లు కొబ్బరి పాదులోకి వదిలాం. పాదు ఎర్రగా పేడు కట్టింది, చెట్టుకు ఏమీ కాలేదు. మోటారు నడుస్తుండగా మాత్రం పిడి ముట్టుకోకూడదు. సంక్రాంతికి వచ్చిన మా బావమరిది సాయం చేద్దామని అలాగే తిప్పేశాడు, లోపలి రబ్బరు గ్యాస్కెట్ తెగిపోయింది. ఆ తర్వాత పిడి ఎక్కడున్నా డ్రైన్ లోంచి నీళ్లు కారుతూనే ఉండేవి. గ్యాస్కెట్ ఖరీదు తక్కువే గానీ పర్లాకిమిడిలో దొరకలేదు, బరంపురం నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఒకటి ముందే కొని ఉంచుకోవడం మంచిది.

ఫలితం? ఇటీవల మళ్లీ పరీక్ష చేయిస్తే ఇనుము 0.2. బట్టలు తెల్లగా ఉంటున్నాయి, టీకి టీ రంగే వస్తోంది. వోల్టేజి పడిపోయే ఎండాకాలం సాయంత్రాల్లో బ్యాక్‌వాష్ సరిగా అవదు, పొద్దున్నే చేసుకోవాలి. పెళ్లికి వెళ్లి రెండు వారాలు తాళం వేసి వస్తే మొదటి నీళ్లు వాసన వచ్చాయి, రెండుసార్లు కడిగాక పోయింది. మేడ ట్యాంకు నిండడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతోంది.

అమ్మేవాళ్లు చెప్పనిది, ఇది నీళ్ల కఠినత్వాన్ని తగ్గించదు. గీజరులో తెల్ల పొర మామూలే. క్రిములనూ చంపదు. వానలు మొదలయ్యాక నూతిలో బ్లీచింగ్ వేస్తాం, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే నూతిలో పోయాలి. గంటైనా ఆగాలి, మేం రాత్రి వేసి పొద్దున వాడుకుంటాం. మర్నాడు నూతి నీళ్లే ఎర్రబడతాయి. క్లోరిన్ తగిలి ఇనుము తుప్పై విడిపోవడం అది, కంగారు పడక్కర్లేదు. ఆ రోజు తప్పనిసరిగా బ్యాక్‌వాష్ చేయాలి. తాగే నీళ్లు ఇప్పటికీ కాచి చల్లార్చుకునే తాగుతాం.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంత హంగామా ఎందుకు? భువనేశ్వర్‌లోని సీఎస్ఐఆర్ (కేంద్ర పరిశోధన సంస్థ) ప్రయోగశాల తయారుచేసిన టెరాఫిల్ చూడండి. ఎర్రమట్టి, ఏటి ఇసుక, రంపపు పొట్టు కలిపి కాల్చిన బిళ్ల అది. పై పాత్రలో పోసిన నీళ్లు బిళ్ల గుండా కింది పాత్రలోకి దిగుతాయి, మడ్డీ తుప్పూ పైనే ఆగిపోతాయి. దిగడం నెమ్మదించినప్పుడు బిళ్లను బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. కాశీనగరంలో మా వదినగారింట్లో అదే వాడుతున్నారు. స్నానాలకూ బట్టలకూ చాలదు గానీ వంటకూ తాగడానికీ సరిపోతుంది. ఆ నీళ్లు కూడా కాచుకునే తాగాలి.