‘చైనీస్ డెమోక్రసీ’ రేర్ సీడీ అని అమ్ముతున్నారు, జాగ్రత్త

అమెరికన్ రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ అభిమానులు ఇది తప్పకుండా చదవండి. పాత సీడీలు, రికార్డులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకతను వాళ్ల ‘చైనీస్ డెమోక్రసీ’ ఆల్బమ్ ఫస్ట్ ప్రింట్, దాంతోపాటు ఆల్బమ్‌లో రాని స్టూడియో డెమోల (ట్రయల్ రికార్డింగుల) డిస్క్ అని చెప్పి నా దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నాడు. వచ్చినవి కంప్యూటర్‌లో రైట్ చేసిన రెండు సీడీలు, వాటికి మసకగా ఉన్న కలర్ జిరాక్స్ కవరు. ఇదేంటని అడిగితే సీల్ తీశాక రిటర్న్ లేదన్నాడు. ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

ఆ ఆల్బమ్ కథ తెలిసినవాళ్లకు ‘రేర్’ అంటే నమ్మకం కుదురుతుంది, వీళ్లకు కావలసిందీ అదే. 1991 తర్వాత ఆ బ్యాండ్ సొంత పాటల ఆల్బమ్ కోసం జనం 2008 దాకా ఎదురుచూశారు. 1996లో గిటారిస్ట్ స్లాష్, మరుసటి ఏడాది బేస్ గిటారిస్ట్ డఫ్ మెకేగన్ వెళ్లిపోయారు. బ్యాండ్ పేరు చేతిలో ఉన్న గాయకుడు ఆక్సిల్ రోజ్ గిటారిస్టుల్ని, ప్రొడ్యూసర్లని మారుస్తూ, చేసిన రికార్డింగే మళ్లీ చేయిస్తూ పోయాడు. జోష్ ఫ్రీజ్ వాయించిన డ్రమ్స్‌ని ఇంకో డ్రమ్మర్ చేత ఒక్క దెబ్బ తేడా రాకుండా మళ్లీ వాయింపించారు! 2004లో గెఫెన్ రికార్డ్ కంపెనీ ఇక డబ్బు పెట్టలేమంది. ఖర్చు కనీసం 1.3 కోట్ల డాలర్లని 2005లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

కానీ సరుకుకు కొరతేమీ లేదు. 2008 నవంబర్ 23న అమెరికాలో ఈ సీడీని బెస్ట్ బై అనే చెయిన్ షాపుల్లోనే విడుదల చేశారు. ఆ సంస్థ 13 లక్షల కాపీలు ముందే కొనేసిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అమెరికా ఆల్బమ్‌ల చార్ట్ బిల్‌బోర్డ్‌లో 3వ స్థానంలో మొదలైనా అమ్మకాలు త్వరగానే పడిపోయాయి. మిగిలినవి తర్వాత బాగా చవగ్గా అమ్మారు. అక్కడ బంధువులో స్నేహితులో ఉంటే సెకండ్ హ్యాండ్ షాపులో చూడమనండి. నా మటుకు అది మంచి ఆల్బమే, ఒరిజినల్ కొని వినాలి.

డెమోల సంగతి ఇంకా ఘోరం. విడుదలకు కొన్ని నెలల ముందే తొమ్మిది పాటలు ఇంటర్నెట్‌లో లీకయ్యాయి, తర్వాతా లీకులు ఆగలేదు. అవే డౌన్‌లోడ్ చేసి డిస్క్‌లో ఎక్కించి అమ్ముతున్నారు.

కంపెనీ సీడీకి అడుగు వైపు వెండి రంగు ఉంటుంది, మధ్య రంధ్రం చుట్టూ సన్నటి కోడ్ అక్షరాలుంటాయి. ఇంట్లో రైట్ చేసినదైతే చాలావరకు నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. యూపీఐలో నేరుగా డబ్బు వేయకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అదే ఫొటోలతో, వేరే పేరుతో మళ్లీ ప్రకటన పెట్టారు. మీకు కనబడితే ముందు డిస్క్ అడుగు వైపు ఫొటో పంపమనండి. సీల్డ్ పీస్, తీయడం కుదరదు అంటే అక్కడితో వదిలేయండి.